అరవై ఒకటో పేజీ దాకా

నలభయ్యో లైనులో తప్పుందని మిషను మూడోసారి చెప్పింది. మూడుసార్లూ ఒకే మాట, ఒకే చోట, కోపం లేకుండా, విసుగు లేకుండా. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, వాటి కింద ఆరుతూ వెలుగుతూ ఒక చిన్న గడి, ఇంకేం చెప్తావో చెప్పు అన్నట్టు. గోడ గడియారంలో పదీ పది. గంటకి అద్దె కట్టాను, పదకొండు దాకా ఈ కుర్చీ నాది, ఆ తర్వాత కాలేజీ పిల్లలొస్తారు. బ్రాడీపేటలో మేడ మీద కంప్యూటర్లు నేర్పే గది, కిటికీలకి ముదురు తెరలు, ఏసీ చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, చెప్పులు గుమ్మం బయటే విడవాలన్నారు. మెట్ల కింద ఇమ్మానియేలు కూర్చుని ఉన్నాడు. పొద్దున చిలకలూరిపేటలో ఒకే బస్సెక్కాం, దారంతా అతను ఏమీ అడగలేదు, గుంటూరు దిగాక మాత్రం, ఈ గంటలో అయిపోద్దా అయ్యా అన్నాడు. అరగంట చాలన్నాను. ఎనిమిది నెలలు చదివిన వాణ్ణి, ఐదు నోటు పుస్తకాలు పూర్తిచేసిన వాణ్ణి, అరగంట కూడా ఎక్కువే అనుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్క అక్షరం మళ్ళీ వేలితో వెతికి కొడుతున్నాను, కె, ఇ, ఇ, పి, కీప్, నోటు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే, మళ్ళీ అదే జవాబు. నాలుగోసారి.

దర్శి దగ్గర నాలుగెకరాలు కౌలుకి చేసి, తెల్లదోమ తినగా మిగిలిన పత్తి పదకొండు బోరేలు తెచ్చాడు ఇమ్మానియేలు. కమీషను వ్యాపారిని, నా ద్వారానే మిల్లుకి వెళ్ళింది. ఒక్కో బోరెం సంచిలో క్వింటాలు పట్టింది. తేమ ఎనిమిది శాతం దాటితే దాటిన ప్రతి అంకెకీ క్వింటాలుకి కిలో తరుగు, అది అందరికీ తెలిసిన పద్ధతి. గుమస్తా తేమ మీటరు గుచ్చి అంకె అరుస్తుంటే ఇమ్మానియేలు పక్కన నిలబడి పదకొండు అంకెలూ రాసుకున్నాడు. ఐదు తొమ్మిదులు, ఐదు పదులు, ఒకే ఒక్కటి పన్నెండు. నోటితోనే కూడాను, పంతొమ్మిది కిలోలు. లోపలినుంచి వచ్చిన కంప్యూటర్ చీటీలో నలభై నాలుగు ఉంది. అన్నిటికీ పన్నెండే వేశారన్నమాట, పసివాడు కూడా చెప్పగలడు. అడిగితే గుమస్తా, మీది నోటి లెక్క శెట్టిగారూ, ఇది కంప్యూటర్ లెక్క, అన్నాడు. మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నవ్వి, మీరూ కంప్యూటర్‌లో చేయించి కాగితం పట్రండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, అన్నాడు. చేయించటమెందుకు, నేనే చేసి తెస్తానన్నాను. పదిహేనుమంది రైతుల ముందు అన్నాను. ఇమ్మానియేలుతో, చీటీ మీద సంతకం పెట్టకు, నేనున్నాను, అన్నాను. పది రోజులైంది. పత్తి మిల్లు వాకిట్లో ఆరుబయటే ఉంది. ఇవాళ సాయంత్రంలోగా సంతకమన్నా పెట్టాలి, సరుకన్నా ఎత్తుకుపోవాలి అని నిన్న కబురు పెట్టారు.

ఆ మాట అనగలిగానంటే ఆ నోటు పుస్తకాల బలంతోనే. అంతకుముందు సీజన్లోనే ఆ మిల్లులో కంప్యూటర్ పెట్టారు, అద్దాల గది కట్టి. అప్పటిదాకా కాటాలో తేడా ఉంటే నా ఇరవై కిలోల రాయి నేను తీసుకెళ్ళి పెట్టి చూపించేవాణ్ణి. అద్దాల గదిలో ఏ రాయి పెట్టను. కంప్యూటర్ చెప్పింది అంటారు, అంతే, దేవుడు చెప్పినట్టు. తూచేవాడి చేతిలో ఉన్నది ఏమిటో తెలియకుండా ముప్ఫయ్యేళ్ళలో ఒక్క బేరం చెయ్యలేదు నేను. నలభై ఆరేళ్ళకి నేర్చుకోవాలనుకున్నాను. ఎక్కడ నేర్చుకోను. నేర్పే చోట్లన్నిట్లో ఇంటరు పాసై ఉండాలన్నారు, నాది ఎస్సెల్సీ. మద్రాసు నుంచి పోస్టులో పాఠాలు తెప్పించాను, సైక్లోస్టయిలు కాగితాలు, సగం అక్షరాలు అంటుకోలేదు, అంటుకున్నవి ఇంగ్లీషు. అరండల్‌పేటలో పుస్తకాల కొట్లన్నీ తిరిగాను, అన్నిచోట్లా ఒకే రకం, పరీక్షకి ప్రశ్నలూ జవాబులూ. చివరికి పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే మొహిద్దీన్ బాషా దగ్గర దొరికింది, నీలం అట్ట, నాలుగు వందల పేజీలు, ఏదో కాలేజీ లైబ్రరీ వదిలేసింది. అతను నా ముఖం చూసి, ఇది మిషన్ పక్కన పెట్టుకుని చదవాలంటండీ శెట్టిగారూ, వట్టిగా చదివితే గట్టున కూర్చుని ఈత నేర్చుకోవటమే, అన్నాడు. అమ్మేవాడు తన సరుకు గురించి లోటు చెప్తే అది నిజమని నాకు తెలిసుండాలి. కానీ చిలకలూరిపేటలో మిషనెక్కడుంది, ఆ అద్దాల వెనక తప్ప. పుస్తకం చంకలో పెట్టుకుని తిన్నగా అనంతపద్మనాభం మాస్టారింటికి వెళ్ళాను.

మాస్టారంటే నా తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు. రిటైరై పదేళ్ళయింది. ఊళ్ళో ఇంగ్లీషూ లెక్కలూ రెండూ క్షుణ్ణంగా తెలిసినవాడు ఆయనొక్కడే. పుస్తకం అటూ ఇటూ తిప్పి, వారానికి పది పేజీలు తెలుగులో రాసిస్తానయ్యా శేషాచలం, అన్నారు. ఏమివ్వమంటారని అడిగితే చెవులు మూసుకున్నారు. విద్యకి వెలేమిటి అన్నారు. నాకు బాగుంది ఆ మాట. ఇప్పుడు చూసుకుంటే మొదటి నష్టం అక్కడే. వెల ఉన్నదాన్ని విప్పి చూస్తాం. ఊరికే వచ్చిందాన్ని కళ్ళకద్దుకుంటాం. మొదటి నోటు పుస్తకం నాలుగు మూలలా పసుపు రాసి ఇచ్చారు జ్ఞానప్రసూనాంబగారు, మాస్టారి భార్య. పత్తి బోరెం కొనేటప్పుడు పైన ఎంత తెల్లగా ఉన్నా నేను చెయ్యి మోచేతి దాకా దించుతాను, కడుపులోనుంచి పిడికెడు లాగుతాను, గుడ్డి పత్తి, తడి పత్తి అక్కడే ఉంటుంది. నా సొంత బావమరిది బోరెమైనా అంతే, అతను అలిగినా అంతే. పసుపు రాసిన దాంట్లో చెయ్యి దించుతామా. దించలేదు. ఐదు పుస్తకాలు, ఎనిమిది నెలలు, పొద్దున్నే స్నానం చేసి, కొట్టు తెరవక ముందు గంట, అక్షరం అక్షరం వంటబట్టించుకున్నాను.

"సార్, ఏమన్నా ఇబ్బందా?"

ఈ గదికి బాధ్యురాలు, సంతోషకుమారి అట పేరు. పాతికేళ్ళుంటాయి, చేతిలో సుద్దముక్క. తెర చూసింది, నా చేతికింద ఉన్న నోటు పుస్తకం చూసింది. కీప్ అంటే ఏంటి సార్ అంది. ఆమెకే తెలియదనుకున్నాను. ఒక్క క్షణం జాలి కూడా పడ్డాను. కీప్ అంటే వరసగా పేర్చి పెట్టుకోవటం అమ్మా, కీప్ పదకొండు అని కొడితే బోరేల పదకొండు అంకెలూ ఒక వరసలో పెట్టుకుంటుంది, తర్వాత టర్న్ అంటే ఒక్కొక్కటీ తిప్పుతుంది, అని చెప్పాను. విన్నది. మర్యాదగా విన్నది. నవ్వలేదు, నవ్వినా బాగుండేది.

"అట్టాంటి మాట ఈ మిషన్లో లేదు సార్. ఏ మిషన్లోనూ లేదు. ఎవరు చెప్పారండీ మీకు?"

పుస్తకంలో ఉందన్నాను. ఏ పుస్తకం అంది. నీలం అట్ట, నాలుగు వందల పేజీలు అని చెప్పేలోగా ఆమె బీరువా దగ్గరికి వెళ్ళి అదే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది, కొత్తది, చిరగనిది. పదీ ఇరవై. ఇద్దరం కూర్చుని పక్కపక్కన పెట్టి చూశాం. ఇంగ్లీషు నాకు ఇన్వాయిసుల మేరకు వచ్చు, అయినా బొమ్మలు కలుస్తాయి కదా, అంకెలు కలుస్తాయి కదా. మిషనుకిచ్చే ఆజ్ఞల్లో ప్రింట్ కలిసింది. లెట్ కలిసింది. ఇన్‌పుట్, ఇఫ్, గోటూ, అన్నీ కలిశాయి, కామాలతో సహా, ఎంత చక్కగా రాశారు మాస్టారు. మొదటి నోటు పుస్తకం చివర్లో, అరవై ఒకటో పేజీ దాకా. ఆ పేజీ సగంలో ఆగింది. కింద సగం ఖాళీ. అరవై రెండో పేజీ నీలం సిరాతో మొదలైంది, అంతకుముందంతా నలుపు. ఆమె అచ్చు పుస్తకంలో తర్వాతి పాఠం తీసింది, అక్కడ డిమ్ అని ఏదో ఉంది, బ్రాకెట్లు, ఆ బ్రాకెట్లలో ఇంకా బ్రాకెట్లు. ఆ పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది, నా పుస్తకం చూసింది. నెమ్మదిగా, దెబ్బ తగిలినచోట గుడ్డ తీసినట్టు, ఇందులో పత్తి ఎక్కడా లేదు సార్, అంది.

లేదు. ఎలా ఉంటుంది. అమెరికావాడికి బోరేల సంగతి ఎలా తెలుస్తుంది. నాకు అనుమానం రాకపోలేదు, వచ్చింది, అడిగాను కూడా, మాస్టారూ ఈ పుస్తకం రాసినవాడు మన యార్డుకి వచ్చి చూసినట్టే రాశాడే అని. అనువాదమంటే అంతేనయ్యా, దేశాన్ని బట్టి ఉదాహరణ మార్చాలి, అన్నారు. నా ముఖంలోకి చూసే అన్నారు. నేను పొంగిపోయాను, నా కోసం అంత శ్రమ తీసుకున్నారని. శ్రమ తీసుకోకపోలేదు, అదీ అసలు బాధ. ఏవో నాలుగు గీతలు గీసి పడేసి ఉంటే సోమరితనం అనుకుందును. కీప్, టర్న్, టిప్, బైండ్, ఒకదానికొకటి అమరి ఉన్నాయి, ఒకచోట చెప్పింది ఇంకోచోట తప్పలేదు, మూడొందల పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. ఆయనకి తెలియని పాఠం బదులు ఆయనకి తెలిసినట్టు ఒక మిషనునే కట్టారు మనసులో. ఆ మిషను నిజంగా ఉండి ఉంటే నా ప్రోగ్రాం మొదటిసారే నడిచేది. ఆ వేసవిలో రెండు వారాలు పాఠం ఆగింది, గుర్తుంది, కంటి నొప్పి అన్నారు. జ్ఞానప్రసూనాంబగారు వాకిట్లో నన్నాపి, నిద్రపోవటం లేదయ్యా, అన్నం ముందు కూర్చుని ఆ పుస్తకమే చూస్తున్నారు, పరీక్ష తప్పిన పిల్లాడిలా ఉన్నారు, ఇక వదిలెయ్యమని నువ్వన్నా చెప్పు, అన్నారు. నేను చెప్పలేదు. బలం మందు సీసా ఒకటి పంపాను. మూడో వారానికి పాఠం వచ్చింది, నీలం సిరాతో.

పదిన్నర. సంతోషకుమారి కుర్చీ జరుపుకుని వెళ్ళింది, మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. నేను మూడో పుస్తకం తెరిచి కూర్చున్నాను, ఎందుకో నాకే తెలియదు, పోయిన సరుకు తాలూకు చీటీ మళ్ళీ మళ్ళీ చదివినట్టు. ప్రతి పాఠం చివరా నేను చేసిన ప్రోగ్రాములు, వాటి మీద ఎర్ర సిరాతో మాస్టారి రైటు గుర్తులు. ఇవీ ఆయనవే. పాఠం అబద్ధమైతే అనుకోవచ్చు, ఒకసారి నోరు జారింది, వెనక్కి తీసుకోలేకపోయారని. రైటు గుర్తు ఎలా పెట్టారు. నేను చేసింది తప్పని ఒకచోట కొట్టేశారు కూడా, టర్న్ ముందు కీప్ రావాలి, మరిచావు, అని పక్కన రాశారు. లేని మిషనుకి నేను చేసిన తప్పు దిద్దారు. ఆ రోజు నేను సిగ్గుపడ్డాను. నాలుగో పుస్తకం చివర్న పదికి తొమ్మిది వేస్తే ఇంటికెళ్ళి మా ఆవిడ బాలసరస్వతికి చూపించాను, నలభై ఆరేళ్ళవాణ్ణి. ఆమె పప్పు రుబ్బుతూ, ఇంకో మార్కు ఏం పాపం చేసింది, అంది. రాత్రి భోజనాల దగ్గర కూడా అదే వేళాకోళం, పదో మార్కు దొరికిందా అని. ఇవాళ చెప్తే ఏమంటుందో. ఏమీ అనదు, అదే భయం.

తొమ్మిదో తరగతిలో ఒకసారి నా జవాబు కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించారు మాస్టారు. లెక్క రాక, వచ్చినట్టు పేజీన్నర అల్లాను. చెయ్యి చాపమని రెండు బెత్తం దెబ్బలు వేసి, రాకపోతే ఖాళీగా వదిలెయ్, నాకు తెలుస్తుంది నీకేం రాదో, నేర్పుతాను, ఇలా అల్లితే ఎక్కణ్ణించి నేర్పను, అన్నారు. ఆ దెబ్బలతో నేను బాగుపడ్డాననే ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నాను. వ్యాపారంలో రానిదాని జోలికి వెళ్ళలేదు, పొగాకు తెలియదని పొగాకు ముట్టుకోలేదు, పొగాకులో నావాళ్ళు మేడలు కట్టినా ముట్టుకోలేదు. ఆ మనిషి చేతులే కదా ఇవి రాసింది. నలభయ్యేళ్ళు ఊరి పిల్లలందరూ అడిగితే ఒక్కసారి కూడా తెలియదనాల్సిన అవసరం రాని మనిషికి, నా ముందు, ఒక కోమటి పిల్లాడి ముందు, మొదటిసారి ఆ మాట అనాల్సి వచ్చింది, నోరు రాలేదు. అర్థమవుతోంది. అర్థమవటానికీ సరిపెట్టుకోవటానికీ సంబంధం లేదు. దొంగ కాటా పెట్టినవాడి మీద నాకింత కోపం రాదు, వాడు దొంగ, నేను దొంగనే చూస్తాను, జాగ్రత్తపడతాను. ఈయన దగ్గర జాగ్రత్తపడటమే పాపమనుకున్నాను కదా. పోయింది ఎనిమిది నెలల పొద్దుటి పూటలైతే లెక్కే లేదు. ఇక ఎవరి రైటు గుర్తు నమ్మను. నాకు అరవై ఒక్క పేజీలు నిజంగా వచ్చు, కానీ ఆ నిజానికీ ఆ అబద్ధానికీ లోపల తేడా తెలియటం లేదు, రెండూ ఒకేలా వచ్చు, ఒకే నమ్మకంతో వచ్చు. తడిపత్తీ పొడిపత్తీ ఒకే బోరెంలో కుక్కాక ఏది ఏదని ఏరను.

పదకొండుకి ఎనిమిది నిమిషాలు. సంతోషకుమారి మళ్ళీ వచ్చింది. ఆ నోటు పుస్తకాలని పక్కకి జరిపింది, ముట్టుకోకూడనిదాన్ని జరిపినట్టు కాకుండా, ఊరికే, బల్ల మీద చోటు కోసం.

"మీకు అసలేం కావాలో చెప్పండి సార్. చిన్నదైతే నేను ఇప్పుడే చేసిస్తాను, ప్రింటు కూడా తీస్తాను. మొదటి పేజీల్లో మీరు నేర్చుకున్నవి చాలు దానికి."

నోటి చివర దాకా వచ్చింది. పదకొండు అంకెలు, ఎనిమిది తీసెయ్యాలి, కూడాలి, కాగితం మీద రావాలి. పది మాటలు. తర్వాత మిల్లులో ఆ కాగితం పెట్టినప్పుడు ఎవరు చేశారంటే ఏం చెప్పను, పదిహేనుమంది ముందు నేనే చేస్తానన్నాను కదా. ఈ అమ్మాయి చేసిందనా. ఎనిమిది నెలలు చదివి ఎవరితోనో చేయించుకొచ్చాననా. ఏమీ లేదమ్మా, ఊరికే కాలక్షేపానికి నేర్చుకుందామని, అన్నాను. ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. ఆమె ఒక క్షణం చూసి, మళ్ళీ గురువారం రండి సార్, పది నుంచి పదకొండు ఖాళీ, ఏమీ పోలేదు, మొదటి నుంచి చెప్తాను, అంది. గుమ్మం బయట పిల్లలు చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఐదు నోటు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని లేచాను. వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని వస్తుంటే, ఎవరో పేరెంటు అనుకుని పక్కకి తప్పుకున్నారు.

కింద ఇమ్మానియేలు లేచి నిలబడ్డాడు. అయిందా అయ్యా అన్నాడు. మిషను పాడైందయ్యా అన్నాను. అనేశాను. ఇంకోటి కూడా చేర్చాను, ఏదో లోపల వైరు తెగిందట, మెకానిక్కు విజయవాడ నుంచి రావాలట. ఎవరు చెప్పారు నాకీ వైరు సంగతి. ఇమ్మానియేలు తల ఊపాడు. మిషన్లన్నాక పాడవుతాయి, మీరేం చేస్తారులెండి, అని నన్నే ఓదార్చాడు. మళ్ళీ ఎప్పుడంట అన్నాడు. గురువారం అన్నాను. అయితే గురువారందాకా సంతకం పెట్టను అన్నాడు.

"సరుకు ఎత్తమంటే ఎత్తి బండి మీదే ఉంచుతానయ్యా. మీ కాగితం వచ్చిందాకా. మీరున్నారుగా."

ఆకాశం చూశాను. ఉత్తరాన మబ్బు కమ్ముకొస్తోంది. పదకొండు బోరేలు, బండి మీద, టార్పాలిన్ కూడా లేకుండా, గురువారం దాకా. వాన పడితే పన్నెండు కాదు, పద్దెనిమిది చూపిస్తుంది మీటరు, అప్పుడిక కొనేవాడే ఉండడు. వైరు మాట చేర్చకపోయినా అతను ఆగేవాడేమో, ఇప్పుడు దాన్ని నమ్మి ఆగుతున్నాడు. సంచి చేతి నుంచి చేతికి మార్చుకున్నాను. బస్టాండు వైపు నాలుగడుగులు వేశాడు అతను. నేను వెయ్యలేదు. తిరిగి చూశాడు.

"మిషను బాగానే ఉంది ఇమ్మానియేలూ. నాకే రాదు."

అర్థం కానట్టు చూశాడు. చదివారుగా అన్నాడు. చదివింది తప్పు, సగం తప్పు, నాకు రాదు, నీ పత్తికి కాగితం నేను తేలేను, అన్నాను. ఎలా తప్పో, ఎవరి వల్లో చెప్పలేదు, చెప్పినా అది అతనికి ఎందుకు. తిడతాడనుకున్నాను, తిట్టే హక్కుంది. మేడ వైపు చూశాడు.

"పైన ఇంకెవరికన్నా వచ్చా?"

"ఆ అమ్మాయికి వచ్చు."

"అడిగారా?"

అతను నా ముఖం చదువుకున్నాడు, అందులో చదవటానికి పెద్దగా ఏమీ లేదు. అంకెలు రాసుకున్న కాగితం ఉందా అని జేబు తడిమి చూసుకున్నాడు. తలపాగా తీసి భుజాన వేసుకుని, నన్ను దాటి, ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. లోపల పాఠం ఆగింది. అతనిది పొలంలో ఈ గట్టు మీది నుంచి ఆ గట్టుకి వినపడే గొంతు, తగ్గించటం అలవాటు లేదు.

"అమ్మా, మా శెట్టిగారికి రాదంట. నీకొచ్చంటగా."

పైన పిల్లలు ఘొల్లున నవ్వారు. నేను మెట్ల కింద నిలబడి ఉన్నాను, కదల్లేదు. ఆ నవ్వు ఆగాక ఆమె ఏదో అడగటం, అతను అంకెలు చెప్పటం వినిపించాయి.